రవెన్నా గోడల మీది కానుకలు: అమ్మతో ఒక రోజు

ఇటలీలోని రవెన్నా చూడాలనుకునేవారు టికెట్టు కొనేటప్పుడే, రోము చక్రవర్తి కూతురు గల్లా ప్లాచీదియా పేరున్న సమాధి మందిరానికి వేళ ఖాయం చేసుకోవాలి. శాన్ వితాలె చర్చి, ఆ సమాధి మందిరం, నెయోనె బాప్తిస్మశాల, సాంత్ అపొల్లినారె నువోవో చర్చి, ఆర్చిబిషప్పుల ప్రార్థనాగది, ఈ అయిదింటికీ కలిపి ఒకే టికెట్టు ఇస్తారు. వీటిలో సమాధి మందిరానికి, బాప్తిస్మశాలకు మాత్రం మనం ఎంచుకున్న వేళకే వెళ్ళాలి. లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. రెండూ చిన్న కట్టడాలు, జనం ఊపిరిలోని తేమ గోడలకు చేటు చేస్తుంది. అందుకని నేను సమాధి మందిరానికి మధ్యాహ్నం వేళ తీసుకుని, పొద్దుటి పూటంతా శాన్ వితాలె కోసం అట్టేపెట్టాను.

నేను బొలోన్యాలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడి నుంచి రవెన్నాకు రైల్లో గంటకు పైచిలుకు ప్రయాణం. ఇంతకు ముందు ఒంటరిగా వెళ్ళాను. ఈసారి గుంటూరు నుంచి వచ్చిన అమ్మను తీసుకువెళ్ళాను. అమ్మ చాలా ఏళ్ళు మా లూథరన్ చర్చిలో సండే స్కూలు పిల్లలకు బైబిలు కథలు చెప్పింది. రోములో పెద్ద పెద్ద దేవాలయాలు చూసి బాగున్నాయని మెచ్చుకుంది కానీ, ఎక్కడా కాలు నిలిపి చూడలేదు. శాన్ వితాలెలో మాత్రం నేను పిలిచినా కదల్లేదు.

బయటి నుంచి చూస్తే శాన్ వితాలె ఉత్త ఇటుక కట్టడం. ఎనిమిది మూలలు, పొడవాటి కిటికీలు, ఎర్రటి పలుచని ఇటుకలు, వాటి మధ్య దళసరి సున్నం. అలంకారం పేరుతో ఒక్క బొమ్మ కూడా లేదు. దీన్ని మొదలుపెట్టింది బిషప్పు ఎక్లేసియుస్, 526 ప్రాంతంలో. అప్పటికి రవెన్నా గోతులు అనే జర్మానిక్ జాతివాళ్ళ రాజ్యం. చుట్టూ బురదనేలలు ఉన్నాయి కాబట్టి శత్రువు రాలేడని 402లో పశ్చిమ రోము చక్రవర్తి హొనోరియుస్ తన రాజధానిని మిలాను నుంచి ఇక్కడికి మార్చాడు. 493లో గోతుల రాజు థియోడొరిక్ దీన్ని గెలుచుకున్నాడు. 540లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ సేనాని బెలిసారియుస్ వచ్చి గోతుల నుంచి తీసుకున్నాడు. చర్చి మాత్రం గోతుల కిందా, జస్టీనియన్ కిందా లేస్తూనే ఉంది. 547లో బిషప్పు మాక్సిమియన్ ప్రతిష్ఠ చేశాడు. ఖర్చు పెట్టింది రాజులు కాదు, యూలియానుస్ అనే వడ్డీ వ్యాపారి. ఇరవై ఆరు వేల బంగారు నాణేలు అయ్యాయని తొమ్మిదో శతాబ్దంలో రవెన్నా బిషప్పుల చరిత్ర రాసిన ఆగ్నెల్లుస్ చెప్పాడు.

లోపల అడుగుపెట్టగానే ఎటు చూడాలో తెలియదు. మన చర్చిలలో గుమ్మం నుంచి బలిపీఠం దాకా చూపు తిన్నగా వెళుతుంది. ఇక్కడ నడిమధ్య ఎత్తైన గుమ్మటం, దాని చుట్టూ ఎనిమిది భారీ కంబాలు, కంబాల మధ్య రెండంతస్తుల కమానులు. తల ఎత్తితే గుమ్మటం లోపల పద్ధెనిమిదో శతాబ్దంలో వేసిన రంగుల చిత్రాలు కనిపిస్తాయి. మబ్బులు, దండలు, ఎగిరే మనుషులు. నాకు అవి ఎంతమాత్రం నచ్చవు. ఆ కట్టడానికి ఉన్న నిబ్బరం వాటిలో లేదు. చాలామంది అక్కడే మెడ ఎత్తి ఫొటోలు తీసుకుంటూ నిలబడిపోతారు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని నేరుగా బలిపీఠం ఉన్న తూర్పు భాగానికి తీసుకువెళ్ళాను.

ఆ భాగంలో గోడ కనిపించదు. కింద పాలరాతి పలకలు, వాటి పై నుంచి కప్పు నడినెత్తి దాకా అంతా మొజాయిక్, అంటే రంగు రంగుల చిన్న పలుకులు అతికించి చేసిన బొమ్మలు. పచ్చ, నీలం, బంగారం. నేను ఫోనులో చదువుకున్న వివరాలు తీసి చెప్పబోతుంటే అమ్మ ఎడమ గోడ వైపు చెయ్యి చూపించి, “అబ్రాహాము” అంది. చెట్టు కింద బల్ల ముందు ముగ్గురు దూతలు కూర్చున్నారు. బల్ల మీద మూడు గుండ్రటి రొట్టెలు, ఒక్కొక్క దాని మీద సిలువ గుర్తు. అబ్రాహాము పళ్లెంలో దూడ మాంసం తెస్తున్నాడు. ఎడమ కొసన గుడిసె గుమ్మంలో శారా, గడ్డం దగ్గర చెయ్యి పెట్టుకుని. “ముసలితనంలో కొడుకు పుడతాడంటే నవ్వు వచ్చింది కదా ఆమెకు. ఆపుకుంటోంది చూడు” అంది అమ్మ. నేను ముందుసారి ఆ బొమ్మను చూశాను, శారా చేతిని చూడలేదు.

అదే బొమ్మలో కుడి పక్కన అబ్రాహాము మళ్ళీ ఉన్నాడు. కత్తి ఎత్తి, బలిపీఠం మీద మోకరించిన ఇస్సాకు తల పట్టుకుని. పైన మబ్బులోంచి దేవుని చెయ్యి. అబ్రాహాము కాళ్ళ దగ్గర పొట్టేలు తల ఎత్తి అతన్నే చూస్తోంది. రెండు సంగతులకీ మధ్య గీత లేదు, చట్రం లేదు. విందు పెట్టిన తండ్రి, కొడుకును అర్పించబోతున్న తండ్రి, ఒకే పచ్చిక మీద నిలబడ్డారు.

ఎదుటి గోడ మీద ఇద్దరు మనుషులు ఒకే బలిపీఠానికి చెరో వైపు నుంచి చేతులు చాపుతున్నారు. ఎడమ పక్క తోలు కట్టుకున్న హేబెలు, గుడిసె ముందు నిలబడి గొర్రెపిల్లను పైకెత్తాడు. కుడి పక్క మెల్కీసెదెకు, యాజకుడి నిలువుటంగీలో, రొట్టె పైకెత్తాడు. హేబెలు ఆదాము కొడుకు. మెల్కీసెదెకు అబ్రాహాము కాలంవాడు. వీళ్ళిద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. మధ్య ఉన్న బల్ల మీద గుడ్డ పరిచి ఉంది, దాని మీద ద్రాక్షారసపు పాత్ర, రెండు రొట్టెలు. అమ్మ చాలాసేపు దాన్నే చూసి, “ఇది సంస్కారపు బల్ల కదా నాన్నా. అందరూ ఏదో ఒకటి పట్టుకొస్తున్నారు” అంది. చర్చిలో యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల అన్నమాట.

ఆ మాటతో నాకు ఆ గదంతా ఒక్కసారిగా అర్థమైంది. అంతకు ముందు నేను దాన్ని బైబిలు కథల గోడ అనుకున్నాను. మోషే ఉన్నాడు, మండుతున్న పొద ముందు చెప్పులు విప్పుతూ. ప్రవక్తలు యెషయా, యిర్మీయా ఉన్నారు. నలుగురు సువార్తికులు తమ తమ గుర్తులతో ఉన్నారు. చూసి లెక్క పెట్టుకుని వచ్చేశాను. అమ్మ చెప్పాక చూస్తే కింది వరుసలో కనిపించేవి కానుకలే. అబ్రాహాము చేతిలో పళ్లెం, హేబెలు చేతిలో గొర్రెపిల్ల, మెల్కీసెదెకు చేతిలో రొట్టె. బలిపీఠం వెనుక అరగుమ్మటంలో నీలి గోళం మీద కూర్చున్న యువకుడైన యేసు, గడ్డం లేని ముఖం. ఆయన కుడి పక్కన పునీత వితాలిస్ చేతులు వస్త్రంలో దాచుకుని కిరీటం అందుకుంటున్నాడు. ఎడమ పక్కన బిషప్పు ఎక్లేసియుస్ ఈ చర్చి నమూనానే రెండు చేతులా పట్టుకుని ఇస్తున్నాడు. మొదలుపెట్టినవాడు పూర్తి కావడం చూడలేదు. గోడ మీద మాత్రం పూర్తయిన కట్టడాన్ని ప్రభువు చేతికి అందిస్తున్నాడు.

దాని కిందే, పక్క గోడల మీద, ప్రపంచం రవెన్నాకు దేనికోసం వస్తుందో ఆ రెండు బొమ్మలు. ఎడమ పక్క జస్టీనియన్ చక్రవర్తి, కుడి పక్క చక్రవర్తిని థియోడోరా. ఇద్దరూ రవెన్నాకు ఎన్నడూ రాలేదు. జస్టీనియన్ ఊదారంగు వస్త్రంలో, తల వెనుక బంగారు వలయంతో ఉన్నాడు. ఒక పక్క కొలువు మనుషులు, సైనికులు. మరో పక్క సిలువ పట్టుకున్న మాక్సిమియన్, సువార్త గ్రంథం పట్టుకున్న ఒకరు, ధూపార్తి పట్టుకున్న మరొకరు. అంతమందిలో పేరు రాసి ఉన్నది మాక్సిమియన్ తల మీద ఒక్కటే. చక్రవర్తికీ బిషప్పుకీ మధ్య వెనకగా తొంగిచూస్తున్న పేరులేని మనిషి, డబ్బు పెట్టిన యూలియానుస్ అయి ఉంటాడని కొందరు పండితుల ఊహ. నాకు ఆ ఊహ ఇష్టం. పుస్తకాల్లో ఈ బొమ్మ గురించి రాజ్యాధికారం అనీ ప్రచారం అనీ చాలా రాస్తారు. అదీ నిజమే. కానీ జస్టీనియన్ చేతుల్లో ఉన్నది కత్తి కాదు, రాజదండం కాదు. రొట్టె పెట్టే బంగారు పళ్లెం. ఎదురుగా థియోడోరా చేతుల్లో రత్నాలు పొదిగిన ద్రాక్షారసపు పాత్ర. ఇద్దరూ బలిపీఠం వైపే తెస్తున్నారు.

థియోడోరా వస్త్రం అంచు చూడమని అమ్మకు చెప్పాను. ఊదారంగు మీద బంగారు పని, అందులో ముగ్గురు మనుషులు వంగి నడుస్తున్నారు. తూర్పు దేశపు జ్ఞానులు, బంగారము, సాంబ్రాణి, బోళము పట్టుకుని. కానుక తెస్తున్న ఆమె చీర అంచు మీదా కానుక తెచ్చేవాళ్ళే అని అమ్మ మురిసిపోయింది. అది చీర కాదు, నిలువుటంగీ మీద కప్పుకున్న వస్త్రం. అయినా ఆ అంచు పని చూస్తే అమ్మ నోట ఆ మాట రాకుండా ఉండదు. థియోడోరా తల చుట్టూ వేలాడే ముత్యాలు గాజు కావు, ముత్యపు చిప్ప ముక్కలు. పక్కన ఒక సేవకుడు తెర తొలగిస్తున్నాడు, తెర ముందు చిన్న నీటి ఊట. ప్రతిష్ఠ జరిగిన మరుసటి ఏడాది, 548లో, ఆమె చనిపోయింది.

మా చర్చిలో కోతపండుగ నాడు జనం వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు పట్టుకుని వరుసగా బలిపీఠం ముందుకు వస్తారు. కలెక్టరు అయినా, కూలికి వెళ్ళే అమ్మాయి అయినా ఆ వరుసలో నడవవలసిందే. అమ్మకు ఈ గోడలు అలాగే కనిపించాయి. “మన కోతపండుగే” అంది. పద్నాలుగు వందల డెబ్బై ఏళ్ళ వెనకటి బొమ్మ ఆమెకు ఆ ఒక్క పోలికతో సొంతమైపోయింది.

ఇక ఆ వెలుగు సంగతి. ముందుసారి వచ్చినప్పుడు నేను ఊళ్ళోనే ఒక మొజాయిక్ పనిశాలలో ఒక పూట పని నేర్చుకున్నాను. ఈ ఊళ్ళో ఆ విద్య ఇప్పటికీ బతికి ఉంది. దాని కోసం బడులు ఉన్నాయి, చిన్న చిన్న పనిశాలలు ఉన్నాయి, బయటివాళ్ళకు కూడా నేర్పుతారు. చెట్టు దుంగలో ఉక్కు ఉలిని పదును పైకి ఉండేలా దిగేసి ఉంచుతారు. రంగు గాజు పలకను ఎడమ చేతి వేళ్ళతో దాని మీద నిలబెట్టి, రెండు కొసలూ పదునుగా ఉన్న వంపు సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. బలంగా కొడితే గాజు పొడి అవుతుంది. సుత్తి బరువును తానుగా పడనిస్తే పలుకు శుభ్రంగా విడిపోతుంది. అలా విరిగిన లోపలి ముఖాన్నే పైకి కనిపించేలా పెడతారు, ఎందుకంటే నిగనిగలాడేది అదే. బంగారు పలుకు తయారీ వేరు. గాజు మీద పలుచని బంగారు రేకు పరిచి, దాని మీద మళ్ళీ సన్నని గాజు పొర వేసి కాలుస్తారు. బంగారం గాజు లోపల ఉంటుంది కాబట్టి గాలి తగలదు, మాసిపోదు.

పచ్చి సున్నపు పూతలో నేను పలుకులన్నీ చదునుగా, వరుసగా పెడుతుంటే నేర్పే ఆమె ఒక్కొక్కదాన్నీ వేలితో కాస్త వంచుతూ వచ్చింది. ఒకటి ఇటు, ఒకటి అటు. “చదునుగా పెడితే గోడ అవుతుంది” అంది. శాన్ వితాలెలో పక్క నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. బంగారు నేపథ్యం ఎక్కడా చదునుగా లేదు. ప్రతి పలుకూ వెలుగును వేరే దిక్కుకు తిప్పుతుంది. మనం రెండు అడుగులు కదిలితే అప్పటిదాకా చీకటిగా ఉన్న చోటు వెలుగుతుంది, వెలిగిన చోటు ఆరుతుంది. ఫొటోలో ఇది రాదు. కుర్చీలో కూర్చుని చూసినా సగమే తెలుస్తుంది. నడుస్తూ చూడాలి. కొవ్వొత్తుల వెలుగులో పాటలు పాడుతూ నడిచినవాళ్ళ కోసం చేసిన పని అది. అమ్మను ఆ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి చూపించాను. ఆమె వెనక్కు తిరిగి తానే మళ్ళీ నడిచింది.

సమాధి మందిరం అదే ఆవరణలో, పచ్చికకు అవతల ఉంది. సిలువ ఆకారంలో చిన్న ఇటుక కట్టడం. రవెన్నా నేల కుంగుతూ, నీటి మట్టం పెరుగుతూ రావడంతో లోపలి నేలను సుమారు ఒకటిన్నర మీటర్లు ఎత్తు చేయవలసి వచ్చింది. అందుకే కప్పు మనకు అంత దగ్గరగా ఉంటుంది. గల్లా ప్లాచీదియా మొదటి థియోడోసియుస్ చక్రవర్తి కూతురు, హొనోరియుస్ చెల్లెలు. 410లో రోమును దోచుకున్న గోతులు ఆమెను వెంట తీసుకుపోయారు. వాళ్ళ రాజునే పెళ్ళాడి, అతను పోయాక తిరిగి వచ్చి, పసివాడైన కొడుకు పేరున పశ్చిమ సామ్రాజ్యాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. 450లో రోములో చనిపోయింది. ఈ మందిరంలో ఆమెను పెట్టి ఉండరనే ఇప్పుడు ఎక్కువమంది అంటారు.

లోపల మొదట చీకటి. కిటికీలకు గాజు బదులు, వెలుగు దూరే పలుచని అలబాస్టరు రాతి పలకలు ఉన్నాయి, వాటిలోంచి తేనె రంగు వెలుగు వస్తుంది. కళ్ళు అలవాటు పడేలోగా సగం సమయం అయిపోతుంది. కాబట్టి గుమ్మం బయటే ఎండ వైపు చూడకుండా నిలబడండి. కప్పంతా ముదురు నీలం, దాని మీద వందల బంగారు నక్షత్రాలు, నడుమ బంగారు సిలువ. గుమ్మం పైన మంచి కాపరి, ఒక చేత్తో సిలువ పట్టుకుని రెండో చేత్తో గొర్రె మూతి నిమురుతున్నాడు. ఎదురుగా మంటల మీద ఇనుప చట్రం, దాని వైపు పరుగున వస్తున్న హతసాక్షి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు. అతను పునీత లారెన్సు అని ఎక్కువమంది చెబుతారు. పక్కన తలుపులు తెరిచిన అలమారా, అందులో నాలుగు సువార్తలు. పక్క గోడల మీద రెండేసి దుప్పులు నీళ్ళ దగ్గరకు వచ్చాయి. నలభై రెండో కీర్తన అమ్మకు కంఠతా వచ్చు. పెదవులు కదులుతుండగా మా సమయం అయిందని పిలిచారు.

బాప్తిస్మశాల గురించి ఒక్క మాట. గుమ్మటం నడుమ యోహాను యేసుకు బాప్తిస్మం ఇస్తుంటే, నీళ్ళలోంచి ఒక ముసలాయన తుండుగుడ్డ అందిస్తున్నట్టు లేస్తాడు. అతని తల పక్కన పేరు కూడా రాసి ఉంది, యొర్దాను నది అని. నదికి మనిషి రూపం ఇవ్వడం రోమన్ల పాత అలవాటు. క్రైస్తవులు దాన్ని పారెయ్యలేదు, పనిలో పెట్టుకున్నారు. ఆ బొమ్మ మధ్యభాగం పందొమ్మిదో శతాబ్దంలో మరమ్మతు చేసింది, యేసు ముఖం అప్పటిదే.

సాంత్ అపొల్లినారె నువోవోకు వచ్చేసరికి అమ్మ అలిసిపోయింది. అక్కడ కూర్చుని చూడవచ్చు, ఆ చర్చి పొడవుగా ఉంటుంది. థియోడొరిక్ తన రాజభవనం పక్కన కట్టించాడు. అతను ఏరియన్ శాఖవాడు. కుమారుడైన యేసు తండ్రి అయిన దేవునితో సమానుడు కాడని ఆ శాఖవాళ్ళ నమ్మకం. రాజ్యం మారాక, 561 ప్రాంతంలో, బిషప్పు ఆగ్నెల్లుస్ (చరిత్ర రాసిన ఆగ్నెల్లుస్ వేరు) కాలంలో ఆ చర్చిని కాథలిక్కులకు అప్పగించి గోడల మీది పాత బొమ్మలు మార్చారు. కుడి గోడ మీద రాజభవనం కమానుల మధ్య ఇప్పుడు తెల్లటి తెరలు వేలాడుతుంటాయి. అక్కడ ఒకప్పుడు థియోడొరిక్ కొలువు మనుషులు ఉండేవారు. వాళ్ళను తీసేసి తెరలు పెట్టారు, కానీ కంబాల మీదికి వచ్చిన చేతులు అలాగే మిగిలాయి. తెల్లటి కంబం మీద ఒక అరచెయ్యి, మణికట్టు, అంతే. వెనుక మనిషి లేడు. చూపించగానే అమ్మ మొదట నమ్మలేదు, లేచి కంబం కిందికి వెళ్ళి చూసింది. తర్వాత చాలాసేపు బాధపడింది. “నమ్మకం వేరైతే మాత్రం మనిషిని తీసేస్తారా” అంది. నాకూ ఆ చేతులను చూసిన ప్రతిసారీ అదే అనిపిస్తుంది. రవెన్నాలో అందమైన వాటి మధ్యే ఇదీ ఉంది, దాన్ని తప్పించుకుని వెళ్ళకూడదు.

అదే గోడ మీద ఇరవై ఆరుగురు హతసాక్షులు యేసు వైపు నడుస్తారు. ఎదుటి గోడ మీద ఇరవై ఇద్దరు కన్యలు మరియ వైపు నడుస్తారు. అందరి చేతుల్లో కిరీటాలు. కన్యల ముందు ముగ్గురు జ్ఞానులు, ఎర్ర టోపీలతో, చుక్కల బిగుతు పైజామాలతో, పరుగున వెళ్తున్నట్టు. కానుకలే మళ్ళీ. అమ్మ నా వైపు చూసి తల ఊపింది, మాట్లాడవలసిన అవసరం రాలేదు.

క్లాస్సెలోని సాంత్ అపొల్లినారె చర్చికి ఆ రోజు వెళ్ళలేదు. ఊరికి దక్షిణంగా ఎనిమిది కిలోమీటర్ల దూరం, బస్సు ఉంది, టికెట్టు వేరు. 549లో ప్రతిష్ఠ చేసిన ఆ చర్చి అరగుమ్మటంలో పచ్చటి మైదానం, గొర్రెలు, నీలి వృత్తంలో తొంభై తొమ్మిది నక్షత్రాల నడుమ సిలువ ఉంటాయి. దానికి ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. మిగతావాటితో కలిపి ఒకే రోజులో తోసెయ్యడం ఆ చర్చికి అన్యాయం.

బొలోన్యాలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. ఇళ్ళ నుంచి అమ్మానాన్నలు వస్తే వెనిస్, రోము తిప్పి పంపిస్తారు. ఒక్క రోజు రవెన్నాకు కేటాయించండి. శాన్ వితాలెకు తెరిచీ తెరవగానే వెళ్ళండి, గుంపులు వచ్చేలోగా బలిపీఠం భాగంలో అటూ ఇటూ నడవవచ్చు. చిన్న దుర్భిణి తీసుకువెళ్ళండి, థియోడోరా వస్త్రం అంచు వట్టి కళ్ళకు అందదు. వెళ్ళే ముందు రైల్లో ఆదికాండంలో నాలుగు, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై రెండు అధ్యాయాలు, నిర్గమకాండం మూడో అధ్యాయం చదువుకోండి. ఆ గోడలకు అంతకు మించిన గైడు అక్కర్లేదు.